ఐదుగురు, ఒక రాత్రి, ఆ తర్వాతి మూడున్నర దశాబ్దాలు

హార్డ్ రాక్ బృందాల అకౌస్టిక్ కచేరీ ఆల్బమ్‌ల మాట వస్తే అందరి నోటా ముందు వచ్చే పేరు నిర్వాణా. 1993 నవంబర్ 18న న్యూయార్క్‌లో రికార్డయిన ఆ కచేరీ గొప్పదే. దాని గురించి కింద వివరంగానే రాస్తాను. కానీ ఈ వంశానికి మూలపురుషుడు నిర్వాణా కాదు. అంతకు మూడేళ్ళ ముందు, 1990 జులై 2న, ఫిలడెల్ఫియా నగరంలోని ట్రొకడీరో థియేటర్‌లో టెస్లా అనే బృందం ఎలక్ట్రిక్ గిటార్లు పక్కనపెట్టి, చెక్క గిటార్లతో ఒక రాత్రంతా పాడింది. ఆ ఏడాది నవంబర్లో అది ‘ఫైవ్ మ్యాన్ అకౌస్టికల్ జామ్’ పేరుతో ఆల్బమ్‌గా వచ్చింది. నా దృష్టిలో ఈ తరహా రికార్డులన్నిటికీ అదే తల్లివేరు. దానికి దక్కాల్సిన పెద్దపీట ఇప్పటికీ దక్కలేదు. ఆ లెక్క సరిచూడటానికే ఈ వెనుచూపు.

ఇది జోల్వాలో కూర్చుని రాస్తున్నాను. సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలో, కడోదరా పక్కన ఉన్న ఊరు ఇది. ఒకప్పుడు చెరకు పొలాలు. ఇప్పుడు గార్డెన్ సిల్క్ మిల్స్ పెట్టిన పాలియెస్టర్ కర్మాగారం మొదలు చిన్నాపెద్దా మిల్లులు, వాటి చుట్టూ కార్మికుల గదులు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి నేతపని కుటుంబాలు తరాలుగా సూరత్ వస్తూనే ఉన్నాయి. మా నాన్న కూడా సాంచెల మీద బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చినవాడే. నేను సూరత్‌లోని లింబాయత్ తెలుగు గల్లీల్లో పెరిగి, ఇటు జోల్వా మిల్లుల వైపు వచ్చి పడ్డాను. ఇక్కడ మనిషి చెవికి పగలూ రాత్రీ తేడా ఉండదు. నూలు తిప్పే యంత్రాల ఈల, వాటర్‌జెట్ మగ్గాల దరువు ఒకదాని మీద ఒకటి పడుతూ ఉంటాయి. ఆ మోతలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఎలక్ట్రిక్ గిటారు పాట వినిపిస్తుంది గానీ అకౌస్టిక్ పాట వినిపించదు. ఎందుకో చాలాకాలం తెలియలేదు. తెలిశాక ఈ రికార్డుల మీద గౌరవం పెరిగింది.

గిటారు ధ్వనిని ఆంప్లిఫయర్‌లో హద్దు దాటించి పగలగొడితే వచ్చేదే డిస్టార్షన్. అది రెండు పనులు చేస్తుంది. మెల్లగా మీటినా గట్టిగా మీటినా శబ్దాన్ని దాదాపు ఒకే ఎత్తుకు తెస్తుంది. మీటిన స్వరాన్ని చాలాసేపు ఆరిపోకుండా నిలబెడుతుంది. అందుకే యంత్రాల మోతను కూడా అది తోసుకుని వస్తుంది. చెక్క గిటారు మీద స్వరం పుట్టిన క్షణం నుంచే తగ్గిపోవడం మొదలవుతుంది. వాయించేవాడు ఆ ఖాళీని కుడిచేతి దరువుతోనే నింపుకోవాలి. వేలు తడబడితే దాక్కోవడానికి చోటుండదు.

ఇంకో సంగతి మన సంగీత పరిభాషలో చెప్తేనే బాగా అర్థమవుతుంది. హార్డ్ రాక్‌లో వాడే పవర్ కార్డ్‌లో ఉండేది షడ్జమ పంచమాలే. గాంధారం ఉండదు. డిస్టార్షన్‌లో గాంధారం కలిపితే ధ్వని బురదైపోతుంది కాబట్టి దాన్ని వదిలేశారు. అదే పాటను అకౌస్టిక్ గిటారు మీదికి తెచ్చినప్పుడు గాంధారం తిరిగి వచ్చి కూర్చుంటుంది. అంతర గాంధారమో, సాధారణ గాంధారమో ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వస్తుంది. దాంతో అంతవరకు కోపంగా మాత్రమే వినిపించిన పాటలో దిగులో, ఆశో బయటపడుతుంది. పాట మెత్తబడలేదు, దాచుకున్న స్వరం బయటికొచ్చింది. ఈ ఆల్బమ్‌లను ‘హార్డ్ రాక్‌కి విశ్రాంతి’ అని రాసే విమర్శకులతో నాకు పేచీ ఇక్కడే.

టెస్లా కంటే ముందు ఏమీ లేదని కాదు. ఎల్విస్ ప్రెస్లీ 1968 జూన్‌లో చిన్న చదరపు వేదిక మీద పాత మిత్రులతో కూర్చుని పాడిన కార్యక్రమం ఆ డిసెంబర్లో టీవీలో వచ్చింది. చేతిలో ఉన్నది ఎలక్ట్రిక్ గిటారే అయినా, జనం మధ్య కూర్చుని పాడటం అన్న పద్ధతి అక్కడ కనిపిస్తుంది. లెడ్ జెప్లిన్ 1970లో వేల్స్ కొండల్లో బ్రాన్-ఎర్-ఆర్ అనే కుటీరంలో గడిపి వచ్చి, మూడో ఆల్బమ్‌లో సగం చెక్క గిటార్లతోనే నింపింది. కచేరీల మధ్యలో కుర్చీలు వేసుకుని కొన్ని పాటలు వాయించడం అలవాటు చేసుకుంది. 1975 మేలో లండన్ ఎర్ల్స్ కోర్ట్ కచేరీల్లో కూడా అదే చేశారు. 1979లో లండన్‌లో మానవ హక్కుల కోసం జరిగిన ఒక కార్యక్రమంలో ద హూ బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్ తన పెద్ద పాటలను అకౌస్టిక్ గిటారుతో పాడి చూపించాడు. ఇవన్నీ కచేరీలో ఒక భాగమో, ఒక మనిషి సాహసమో. ఒక హార్డ్ రాక్ బృందం మొత్తంగా, డ్రమ్ములతో సహా, ఒక పూర్తి ఆల్బమ్‌కి దిగడం వేరు.

ఆ తరుణం 1989లో దగ్గరపడింది. ఆ సెప్టెంబర్లో ఎంటీవీ అవార్డుల వేదిక మీద జాన్ బాన్ జోవి, రిచీ సంబోరా రెండు గిటార్లతో తమ హిట్ పాటలు పాడారు. అదే ‘ఎంటీవీ అన్‌ప్లగ్డ్’కి బీజమని చాలామంది అంటారు. ఆ కార్యక్రమం నవంబర్ 26న మొదలైంది. తొలి అతిథులు స్క్వీజ్ అనే ఇంగ్లీషు బృందం. మొదట్లో అది అర్ధరాత్రి ఊసుపోని కబుర్లలా సాగింది. దాన్నుంచి ఆల్బమ్‌లు తీయాలన్న ఆలోచన అప్పటికి ఎవరికీ లేదు. ఆ కార్యక్రమాన్ని అధికారికంగా ఆల్బమ్‌గా తెచ్చిన మొదటి కళాకారుడు పాల్ మెకార్ట్‌నీ. అది 1991 మేలో వచ్చింది. టెస్లా ఆల్బమ్ అప్పటికే ఆరు నెలలుగా దుకాణాల్లో ఉంది. నా వాదనకు ఆధారం ఈ తేదీలే.

టెస్లా గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటో వాళ్ళ ఊరు. మొదట సిటీ కిడ్ అన్న పేరుతో వాయించేవారు. తర్వాత విద్యుత్ శాస్త్రవేత్త నికోలా టెస్లా పేరు పెట్టుకున్నారు. మొదటి ఆల్బమ్ ‘మెకానికల్ రెసొనెన్స్’ 1986లో, రెండోది ‘ద గ్రేట్ రేడియో కాంట్రవర్సీ’ 1989లో వచ్చాయి. ఆ రెండో పేరు రేడియోని నిజంగా కనిపెట్టింది టెస్లానా, మార్కోనీనా అన్న తగవును గుర్తుచేస్తుంది. జెఫ్ కీత్ గాయకుడు. ఫ్రాంక్ హానన్, టామీ స్కియోక్ గిటార్లు. బ్రయన్ వీట్ బేస్. ట్రాయ్ లుకెట్టా డ్రమ్ములు. ఆ రోజుల్లో లాస్ ఏంజెలిస్ బృందాలు జుట్టు ఎగదువ్వి, పెదవులకు రంగు వేసుకుని వేదికెక్కేవి. వీళ్ళు జీన్స్ పాంట్లతోనే వచ్చేవారు. జెఫ్ కీత్ పాటగాడు కాకముందు లారీ డ్రైవరు. కడోదరా కూడలిలో బారులు తీరిన లారీలు చూసినప్పుడల్లా నాకు ఆ బొంగురు గొంతు గుర్తొస్తుంది.

1990లో వాళ్ళు మాట్లీ క్రూ బృందానికి ముందు వాయించే బృందంగా పెద్ద పెద్ద స్టేడియంలలో తిరుగుతున్నారు. మధ్యలో సెలవు దొరికిన రోజుల్లో ఊరికే కూర్చోకుండా చిన్న హాళ్ళలో అకౌస్టిక్ కచేరీలు పెట్టుకున్నారు. ట్రొకడీరో అలాంటి హాలే. 1870లో ఆర్చ్ స్ట్రీట్ ఒపేరా హౌస్‌గా మొదలైన పాత నాటకశాల అది. ఫిలడెల్ఫియా చైనాటౌన్‌లో ఉండేది. 2019లో మూతపడింది. స్టేడియంలో ఇంకొకరి అభిమానుల ముందు అరగంటో ముప్పావుగంటో వాయించి దిగిపోయే బృందం, ఇక్కడ తమ కోసమే వచ్చిన మనుషుల మధ్య కూర్చుంది. ఆ స్వేచ్ఛ రికార్డులో అడుగడుగునా వినిపిస్తుంది. పాటల మధ్య కబుర్లు, నవ్వులు, ముందు వరసల కేకలు ఏవీ తీసేయలేదు.

పద్నాలుగు పాటలున్న ఈ ఆల్బమ్‌లో వాళ్ళ సొంత పాటలతో పాటు బీటిల్స్, రోలింగ్ స్టోన్స్, గ్రేట్‌ఫుల్ డెడ్, క్రీడెన్స్ పాటలు కూడా ఉన్నాయి. అంటే తాము ఏ పాటలు విని పెరిగారో అవి. మొదటి పాటలోనే తమ ‘కమిన్ అట్చా లైవ్’ని డెడ్ వాళ్ళ ‘ట్రకిన్’తో కలిపేశారు. తొలి ఆల్బమ్‌లో తుపాకీ మోతలా వినిపించే ‘మోడర్న్ డే కౌబాయ్’ ఇక్కడ సన్నని తీగల మీద కూర్చుంది. ఎలక్ట్రిక్ పాటలో రెండు అగ్రరాజ్యాల కొట్లాట మీద కోపం వినిపిస్తే, ఇక్కడ అదే కొట్లాట చూసి భయపడుతున్న కుర్రాడు వినిపిస్తాడు. ఫ్రాంక్ హానన్ సోలో వాయించేటప్పుడు ఎలక్ట్రిక్ మీద తేలిగ్గా సాగే తీగలు చెక్క గిటారు మీద వేళ్ళకు ఎదురు తిరుగుతాయి. ఆ పెనుగులాట చెవికి తెలుస్తుంది. ‘పారడైజ్’లో మెల్లగా మొదలై గొంతు చీరుకునేదాకా వెళ్ళే జెఫ్ కీత్ ఆల్బమ్ మొత్తానికి శిఖరం. ‘లవ్ సాంగ్’ అంతకుముందే అమెరికా హాట్ 100 పట్టికలో 10వ స్థానం దాకా వెళ్ళిన పాట. దాని చివర్లో జనమంతా కలిసి పాడటం మొదలుపెట్టాక బృందం వెనక్కి తగ్గి వాళ్ళకే పాటను వదిలేస్తుంది.

ఆ చప్పట్లు వింటే నాకు మన బతుకమ్మ గుర్తొస్తుంది. దసరా రోజుల్లో సూరత్ అంతా గర్బా ఆడుతుంది. సొసైటీ మైదానాల్లో డీజే స్పీకర్లు గుండెలదిరేలా మోగుతాయి. అదే వేళ లింబాయత్ తెలుగు గల్లీల్లో మన ఆడవాళ్ళు మైకు లేకుండా, వాయిద్యం లేకుండా వలయంగా తిరుగుతూ చప్పట్లతోనే పాడుకుంటారు. ఒకావిడ చరణం మరిచిపోతే పక్కావిడ అందుకుంటుంది. తాళం మాత్రం ఎక్కడా జారదు. ట్రొకడీరోలో జరిగిందీ అదే. పాటకు బలం స్పీకర్లలో లేదు, కలిసి మోసే మనుషుల్లో ఉంది.

ఆల్బమ్‌ని ఇల్లిల్లూ చేర్చిన పాట ‘సైన్స్’. దారి పక్క బోర్డుల గురించిన పాట. రాసింది కెనడాకు చెందిన లెస్ ఎమర్సన్. కాలిఫోర్నియాలో రహదారి వెంట ప్రకృతిని మూసేస్తున్న పెద్ద పెద్ద ప్రకటన బోర్డులు చూసి ఆయనకు ఆ ఊహ వచ్చింది. ఆయన బృందం ఫైవ్ మ్యాన్ ఎలక్ట్రికల్ బ్యాండ్ దాన్ని పాడి, 1971లో అమెరికా పట్టికలో 3వ స్థానం దాకా వెళ్ళింది. టెస్లా ఆల్బమ్‌కు పేరు వచ్చింది ఆ బృందం పేరు నుంచే. ఎలక్ట్రికల్ తీసి అకౌస్టికల్ పెట్టారు. పాటలో ఒక కుర్రాడు పని అడగబోతే పొడుగు జుట్టువాళ్ళు రావద్దని బోర్డు. ఒక స్థలం చుట్టూ కంచె, దాని మీద ఇంకో బోర్డు. భోజనం దగ్గర సభ్యత్వ కార్డు లేనివాళ్ళకు చోటు లేదని మరో బోర్డు. చివరికి ఒక చర్చి తలుపు తెరిచి ఉంటుంది. అక్కడ ఇవ్వడానికి అతని దగ్గర పైసా లేదు. తానే ఒక బోర్డు రాసి, తాను బాగానే ఉన్నానని దేవుడికి చెప్పుకుంటాడు. మిల్లు గేట్ల ముందు పని లేదనీ, అనుమతి లేనిదే లోపలికి రావద్దనీ గుజరాతీలో, హిందీలో రాసిన బోర్డుల మధ్య పెరిగినవాడికి ఈ పాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు సగమే అర్థమయ్యే వయసులో కూడా ఇది నాకు పూర్తిగా అర్థమైంది.

టెస్లా ఈ పాటలో ఒక బూతుమాట చేర్చింది. రేడియో కోసం దాన్ని తీసేయాల్సి వచ్చింది. అయినా 1991లో అది హాట్ 100లో 8వ స్థానానికి వెళ్ళింది. ఆల్బమ్ 12వ స్థానం దాకా ఎక్కి, అమెరికాలో పది లక్షల ప్రతులు దాటింది. ఎలక్ట్రిక్ గిటార్లతో వాళ్ళు తెచ్చిన సింగిల్ ఏదీ ఇంత ఎత్తుకు వెళ్ళలేదు. కరెంటు శాస్త్రవేత్త పేరు పెట్టుకున్న బృందానికి కరెంటు తీసేసిన రాత్రే అంతటి విజయం తెచ్చింది.

ఈ రికార్డును నేను నిజంగా విన్నది ఒక దీపావళి సెలవుల్లో. దీపావళికి సూరత్ బట్టల పరిశ్రమ వారాల తరబడి మూతపడుతుంది. ఒడియా వాళ్ళు, బిహార్ వాళ్ళు, మనవాళ్ళు రైళ్ళెక్కి ఊళ్ళకు పోతారు. జోల్వాలో మగ్గాలు ఆగిపోతే పక్క గదిలో గిన్నె పెట్టిన చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దంలో పెట్టుకుంటే అంతవరకు తెలియని వివరాలు పైకి తేలాయి. గిటారు మెడ మీద వేళ్ళు జరిగేటప్పుడు తీగ చేసే కీచుశబ్దం. పాట ఎత్తుకునే ముందు గాయకుడు లోపలికి లాగే ఊపిరి. ఈ తరహా రికార్డులు ఏవైనా సరే, గోల లేని చోట వినమని అందరికీ చెప్తాను.

1992 నుంచి కథ వేగం పుంజుకుంది. ఆ జనవరిలో ఎరిక్ క్లాప్టన్ ఇంగ్లండ్‌లోని బ్రే స్టూడియోలో రికార్డు చేసిన అన్‌ప్లగ్డ్ ఆల్బమ్ ఆగస్టులో వచ్చి, అమెరికాలోనే కోటి ప్రతులు దాటింది. గ్రామీలు తెచ్చింది. అంతకుముందు ఏడాదే ఆయన నాలుగేళ్ళ కొడుకు ఎత్తైన భవనం కిటికీలోంచి పడి చనిపోయాడు. ఆ దుఃఖంలోంచి పుట్టిన పాట ఆ ఆల్బమ్‌కి ఆయువుపట్టు. క్లాప్టన్ హార్డ్ రాక్ గాయకుడు కాదు గనుక ఇక్కడ ఎక్కువ చెప్పను. కానీ కంపెనీలకు ఇందులో డబ్బుందని తెలిసింది ఈ ఆల్బమ్‌తోనే. అప్పటినుంచి అకౌస్టిక్ కచేరీ అన్నది ప్రతి బృందం జీవితంలో దాటాల్సిన మైలురాయిలా మారింది. లాభం ఎంత జరిగిందో నష్టమూ అంత జరిగింది. తమ హిట్ పాటలను అదే పద్ధతిలో, కాకపోతే నెమ్మదిగా వాయించి సరిపెట్టిన ఆల్బమ్‌లు కుప్పలుగా వచ్చాయి. వాటి పేర్లు ఇక్కడ రాయను.

నిర్వాణా ఆ దారిన పోలేదు. హిట్ పాటల జాబితా పక్కన పెట్టేశారు. తమను ప్రపంచానికి పరిచయం చేసిన పాటను ఆ రాత్రి అసలు పాడనే లేదు. బదులుగా డేవిడ్ బౌవీ, వాజలీన్స్, లెడ్ బెల్లీ పాటలు తీసుకున్నారు. మీట్ పపెట్స్ అనే పెద్దగా పేరులేని బృందం నుంచి కిర్క్‌వుడ్ సోదరులను వేదిక మీదికి పిలిచి, వాళ్ళ పాటలు మూడు పాడారు. లోరీ గోల్డ్‌స్టన్ చెల్లో వాయించింది. వేదిక మీద తెల్ల లిల్లీ పూలు, నల్ల కొవ్వొత్తులు కర్ట్ కొబేన్ కోరి పెట్టించినవే. డ్రమ్ములు బలంగా బాదే డేవ్ గ్రోల్‌కు కార్యక్రమ నిర్మాత అలెక్స్ కొలెట్టి కర్రల బదులు వాడే మెత్తని బ్రష్‌లు కానుకగా ఇచ్చాడు. ఆ రాత్రి గ్రోల్ వాయించిన తీరు వింటే, బలం ఉన్నవాడు ఆ బలాన్ని పట్టి ఉంచడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. కొబేన్ మాత్రం తన గిటారును పూర్తిగా కరెంటు నుంచి విడదీయలేదు. ఒక ఆంప్లిఫయర్‌ను మానిటర్ స్పీకర్‌లా కనిపించేలా దాచిపెట్టి వాడారు. నాకు అందులో తప్పేమీ కనిపించదు. ఆ పాటలకు ఆ గరుకుదనం అవసరం.

చివరి పాట లెడ్ బెల్లీది. పాడేటప్పుడు ఆఖరి చరణంలో కొబేన్ గొంతు ఒక స్థాయి పైకి ఎక్కుతుంది. చివరి మాటకు ముందు ఒక్క క్షణం ఆగి, కళ్ళు తెరిచి, ఊపిరి తీసుకుంటాడు. ఆ తర్వాత మళ్ళీ పాడమని అడిగితే ఒప్పుకోలేదు. 1994 ఏప్రిల్ 5న అతను చనిపోయాడు. నవంబర్ 1న ఆల్బమ్ వచ్చి నేరుగా మొదటి స్థానంలో కూర్చుంది. ఆ మరణం నీడ పడకుండా దాన్ని వినడం ఇక ఎవరికీ సాధ్యం కాదు. నిర్వాణాని అందరూ మొదటి పేరుగా చెప్పడానికి ఆ నీడ కూడా ఒక కారణం. అతను ఆ రాత్రి వాయించిన 1959 నాటి మార్టిన్ గిటారు 2020లో వేలంలో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది.

కిస్ కథ వేరు. ముఖాలకు రంగులు, నోట్లోంచి మంటలు, బాంబుల మోతలతో పేరు తెచ్చుకున్న బృందం అది. 1983లోనే రంగులు తీసేసినా ఆడంబరం తగ్గలేదు. 1995లో అభిమానుల సమావేశాలు పెట్టుకుని, వాళ్ళు అడిగిన పాటలు అకౌస్టిక్ గిటార్ల మీద వాయించడం మొదలుపెట్టారు. అదే ఆగస్టు 9న న్యూయార్క్ సోనీ స్టూడియోలో ఎంటీవీ కోసం కూర్చున్నారు. ఆ రోజు పాత సభ్యులు ఏస్ ఫ్రేలీ, పీటర్ క్రిస్ వచ్చి కలిశారు. క్రిస్ ‘బెత్’ పాడినప్పుడు ఆ హాలు లేచి నిలబడినట్టు వినిపిస్తుంది. ఏడాది తిరగకుండానే, 1996 జూన్ 28న డెట్రాయిట్‌లో, పాత నలుగురూ మళ్ళీ రంగులు పూసుకుని వేదికెక్కారు. అంతవరకు నమ్మకంగా వాయించిన బ్రూస్ క్యూలిక్, ఎరిక్ సింగర్‌లకు చోటు పోయింది. ఆల్బమ్ వింటున్నప్పుడు క్యూలిక్ వేలిముద్ర చాలా పాటల్లో కనిపిస్తుంది. అతనికి దక్కాల్సిన కీర్తి తక్కువే దక్కింది.

ఇక నా మనసులో టెస్లా పక్కన కూర్చోగల ఆల్బమ్ ఆలిస్ ఇన్ చెయిన్స్‌ది. వీళ్ళకు చెక్క గిటారు కొత్త కాదు. 1994 జనవరిలో వచ్చిన ‘జార్ ఆఫ్ ఫ్లైస్’ అనే చిన్న ఆల్బమ్ (ఈపీ) దాదాపు పూర్తిగా అకౌస్టిక్. అమెరికా పట్టికలో నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టిన తొలి ఈపీ అదే. ఆ తర్వాత గాయకుడు లేన్ స్టేలీ మత్తుమందుల వ్యసనంలో మరింత కూరుకుపోయాడు. కచేరీలు ఆగిపోయాయి. రెండేళ్ళకు పైగా వేదికకు దూరంగా ఉన్న తర్వాత 1996 ఏప్రిల్ 10న బ్రూక్లిన్‌లో వాళ్ళు ఎంటీవీ కోసం కూర్చున్నారు. గిటారిస్ట్ జెర్రీ కాంట్రెల్ ఆ రోజు కడుపునొప్పితో ఉన్నాడు. ముందు వరసల్లో మెటాలికా సభ్యులు కూర్చున్నారు. వాళ్ళు అప్పుడే జుట్టు కత్తిరించుకున్నారు. దాని మీద చిలిపి మాట ఒకటి బేస్ వాయించే మైక్ ఇనెజ్ గిటారు మీద రాసుకొచ్చాడు. అంత బరువైన రాత్రిలో కూడా స్నేహం అలా తొంగిచూసింది.

స్టేలీ బాగా చిక్కిపోయి ఉన్నాడు. ఒక పాటలో మాట తప్పితే ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. కానీ ‘నట్‌షెల్’ ఎత్తుకోగానే ఆ గొంతు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. ఈ బృందానికి ప్రాణం స్టేలీ, కాంట్రెల్ కలిసి పాడే జంటస్వరం. రెండు గొంతులూ దగ్గర దగ్గర స్వరాల్లో రాసుకుంటూ పోతాయి. ఎలక్ట్రిక్ రికార్డుల్లో అది గిటార్ల కింద సగం మునిగి ఉండేది. ఇక్కడ పూర్తిగా పైకి వచ్చింది. స్టేలీ ఆ తర్వాత కొద్ది కచేరీలే చేశాడు. 2002 ఏప్రిల్ 5న చనిపోయాడు. కొబేన్ పోయిన తేదీ కూడా అదే.

మిగతా ప్రపంచంలో ఈ పద్ధతి ఇంకా బలంగా వేళ్ళూనుకుంది. బ్రెజిల్‌లో టిటాస్ అనే రాక్ బృందం 1997లో చేసిన అకౌస్టిక్ ఆల్బమ్ వాళ్ళ జీవితంలోనే అతిపెద్ద విజయం. జర్మనీలో డీ ఆర్ట్సె 2002లో ఒక బడిలో పిల్లలతో కలిసి చేసింది. స్కార్పియన్స్ 2001లో లిస్బన్‌లోని పాత కాన్వెంట్ భవనంలో ‘అకౌస్టికా’ రికార్డు చేశారు. 2013లో ఏథెన్స్ లైకబెటస్ కొండ మీది ఆరుబయట రంగస్థలంలో ఎంటీవీ కోసం మళ్ళీ చేశారు. మన దేశంలో గిటారు పట్టుకున్న ప్రతి కుర్రాడూ స్కార్పియన్స్ నెమ్మది పాటలతోనే మొదలుపెడతాడు కాబట్టి ‘అకౌస్టికా’ ఇక్కడ ఇంటి వస్తువైపోయింది. నాకు మాత్రం లిస్బన్ కంటే ఏథెన్స్ ఎక్కువ నచ్చుతుంది. వయసు మీదపడ్డాక క్లౌస్ మైనె గొంతు జాగ్రత్తగా అడుగులు వేస్తుంది. ఆ జాగ్రత్త పాటలకు అందం తెచ్చింది.

నిర్వాణా డ్రమ్మర్ డేవ్ గ్రోల్ తన ఫూ ఫైటర్స్‌తో 2006 ఆగస్టులో లాస్ ఏంజెలిస్ పాంటేజెస్ థియేటర్‌లో ‘స్కిన్ అండ్ బోన్స్’ చేశాడు. అప్పుడు బ్రష్‌లు పట్టుకున్నవాడు ఇప్పుడు గిటారు పట్టుకుని ముందుకొచ్చి కూర్చున్నాడు. 1996లో ముందు వరసలో శ్రోతలుగా కూర్చున్న మెటాలికా 2018 నవంబర్ 3న శాన్‌ఫ్రాన్సిస్కో మసోనిక్ హాల్లో తమ ఛారిటీ సంస్థ కోసం అకౌస్టిక్ కచేరీ చేసి, తర్వాతి ఏడాది ‘హెల్పింగ్ హాండ్స్’ పేరుతో విడుదల చేసింది. అంత వేగంగా, అంత కఠినంగా వాయించే బృందం కూడా ఈ గుమ్మం దాటింది. కొన్ని పాటల తాళాన్నే మార్చేసి కొత్తగా కట్టారు. ఆ ధైర్యానికి వాళ్ళను మెచ్చుకోవాలి.

మన దేశంలో ఈ బాటకు దగ్గరగా నాకు కనిపించేది ఇండియన్ ఓషన్ ‘డెజర్ట్ రెయిన్’. 1997 జనవరి 1న ఢిల్లీలో నాటకకారుడు సఫ్దర్ హష్మీ స్మారక కచేరీలో రికార్డయిన లైవ్ ఆల్బమ్ అది. వాళ్ళది హార్డ్ రాక్ కాదు. కానీ సుస్మిత్ సేన్ గిటారు, తబలా, చెమట పట్టిన గొంతులు కలిసి ఒక రాక్ బృందపు ఉద్వేగాన్ని కరెంటు మోత లేకుండా నిలబెట్టగలవని చూపించాయి. మన తెలుగు నేల మీద ప్రయాణం తిరగబడిన దిక్కులో నడిచింది. పాలకొల్లు యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను త్యాగరాజ కీర్తనల్లోకి తీసుకెళ్ళాడు. వాద్యానికి కరెంటు ఉందా లేదా అన్నది కాదు, వేలు ఏం పలికిస్తోందన్నదే ముఖ్యమని నేను మొదట నేర్చుకున్నది ఆయన దగ్గరే.

టెస్లా 1996లో విడిపోయింది. 2000లో మళ్ళీ కలిసింది. టామీ స్కియోక్ 2006లో వెళ్ళిపోతే డేవ్ రూడ్ వచ్చాడు. 2019 జూన్ 12న, ట్రొకడీరో రాత్రికి దాదాపు 29 ఏళ్ళ తర్వాత, లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో, బీటిల్స్ పాటలు పుట్టిన ఆ రెండో గదిలో, మళ్ళీ చెక్క గిటార్లతో కూర్చున్నారు. ‘ఫైవ్ మ్యాన్ లండన్ జామ్’ 2020 మార్చిలో వచ్చింది. లోకమంతా తలుపులు మూసుకున్న రోజులవి. సూరత్ మిల్లులూ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఈ రికార్డు విన్నాను.

అరవై దాటిన జెఫ్ కీత్ గొంతు ఇప్పుడు పైస్థాయికి అంత తేలిగ్గా వెళ్ళదు. కొన్ని చోట్ల మాటను కాస్త ముందే ముగించి ఊపిరి దాచుకుంటాడు. ‘సైన్స్’లో పాత తుంటరితనం తగ్గింది. అది కుర్రాడి పాట, ట్రొకడీరోలోదే మేలు. కానీ ‘లవ్ సాంగ్’ మొదట్లో ఫ్రాంక్ హానన్ ఒంటరిగా వాయించే ఆ నిమిషం మాత్రం 1990 కంటే 2019లోనే బాగుంది. స్వరానికీ స్వరానికీ మధ్య అతను అప్పుడు ఇంతసేపు ఆగలేకపోయాడు.